రాయదుర్గం చివరి సున్నా

కిందటేడు ఆగస్టు 29న మా ఆఫీసు లిఫ్టుల దగ్గరున్న స్క్రీన్ మీద ఒక స్లైడ్ వేశారు. పైన ‘తెలుగు భాషా దినోత్సవ శుభాకాంక్షలు’. మధ్యలో తలపాగాతో గిడుగు రామమూర్తి గారు. కింద ఇంగ్లిషులో ఒక వాక్యం. దాని సారాంశం: 16వ శతాబ్దంలో విజయనగరానికి వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటి తెలుగు విని మురిసిపోయి, ఇది తూర్పు దేశాల ఇటాలియన్ అన్నాడు.

ఈ మాట వినని తెలుగువాడు ఉండడు. ఆరో తరగతిలో మా మాస్టారు చెప్పినప్పుడు మాకు ఇటలీ ఎక్కడుందో తెలీదు, ఇటాలియన్ ఎలా ఉంటుందో అసలే తెలీదు. అయినా ఛాతీ పొంగింది. పైగా మాది తెనాలి. మా ఊరిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. ఊరికి ప్యారిస్ పేరు, భాషకి ఇటలీ పేరు పెట్టుకుని పెరిగినవాణ్ణి. అరువు తెచ్చుకున్న బిరుదులంటే నాకు కొత్తేమీ కాదు.

లిఫ్టు కోసం నిలబడ్డప్పుడు మా టీములో సిద్దిపేట తమ్ముడొకడు ఆ స్లైడు చదివి, నా వైపు తిరిగి అడిగాడు: “అన్నా, గాయిన మా దిక్కు తెలుగు ఇని అన్నడా, మీ దిక్కుది ఇని అన్నడా?”

నవ్వేశాను. లిఫ్టు వచ్చింది. కానీ ఆ ప్రశ్న దిగిపోలేదు. దానికో కారణం ఉంది. అంతకు వారం ముందే, భాషా దినోత్సవం రోజు ఆఫీసులో చదవడానికి వాడు రాసుకొచ్చిన రెండు పేజీలని ‘కొంచెం సరిచెయ్యన్నా’ అని నాకిచ్చాడు. బీడీలు చుట్టిన వాళ్ల అవ్వ గురించి రాశాడు. తునికాకు తడిపి, కత్తిరించి, సాయంత్రానికి కట్టలు లెక్కపెట్టుకునే ముసలమ్మ. నేను సరిచేశాను. ‘వచ్చిన’ని ‘వచ్చాను’ చేశాను. ‘యాది’ని ‘జ్ఞాపకం’ చేశాను. ‘పైలం’ని ‘జాగ్రత్త’ చేశాను. వాడు నా ప్రతి చదివాడు. ఎవరూ తప్పు పట్టలేదు, ఎవరికీ ఏమీ అనిపించలేదు కూడా. అవ్వ చచ్చిపోయింది ఆ పేజీల్లో. చంపింది నేనే.

అందుకే కాంటి సంగతి తేల్చుకుందామనిపించింది.

ముందు శతాబ్దం. నికోలో కాంటి 1469లో చనిపోయాడు. కాబట్టి 16వ శతాబ్దంలో వచ్చి ఏమీ అని ఉండడు. వెనీసు వర్తకుడు, డమాస్కస్‌లో అరబ్బీ నేర్చుకుని, పాతికేళ్లు తూర్పున తిరిగాడు. 1420 ప్రాంతాల్లో విజయనగరం చూశాడు. అంటే కృష్ణదేవరాయల కాలానికి దాదాపు వందేళ్ల ముందు, మన శ్రీనాథుడు బతికున్న రోజుల్లో. తిరుగు దారిలో ప్రాణాలు కాపాడుకోవడానికి మతం మారాల్సి వచ్చింది. ఈజిప్టులో భార్య, ఇద్దరు పిల్లలు ప్లేగుకి పోయారు. ఇంటికి చేరాక పోప్ నాలుగో యూజీనియస్ దగ్గరికి వెళ్లి క్షమాపణ అడిగాడు. పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచోలీని అతని కథంతా విని లాటిన్‌లో రాసి, అదృష్టం ఎలా తిరగబడుతుందో చెప్పే తన గ్రంథంలో నాలుగో భాగంగా చేర్చాడు. చేతిరాత కాంటిది కాదు, భాష కాంటిది కాదు. అతను చెప్పగా ఇంకొకరు రాసింది.

దాని ఇంగ్లిషు అనువాదం 1857లో హక్లూయిట్ సొసైటీ వేసిన 15వ శతాబ్దపు భారతదేశం సంపుటంలో ఉంది. ఒక ఆదివారం కూర్చుని ఆ భాగమంతా చదివాను. చాలా పెద్దదేం కాదు. విజయనగరం చుట్టుకొలత 60 మైళ్లు అని ఉంది. ఆయుధం పట్టగలిగిన మగవాళ్లు 90,000 మంది అని ఉంది. రాజుకి 12,000 మంది భార్యలని ఉంది. గుళ్లలో, కప్పుల మీద నూనె దీపాలు పెట్టే పండగ ఉంది, దారిన పోయేవాళ్ల మీద కుంకుమపువ్వు నీళ్లు చల్లే పండగ ఉంది. మన ఊళ్ల పేర్లూ ఉన్నాయి. పెనుకొండ, ఉదయగిరి, చంద్రగిరి అని పండితులు గుర్తుపట్టినవి. చంద్రగిరి అక్కడ ‘చెందెర్గిరియా’ అయింది. ఇకారంతో ముగిసేదానికి ఇంకో అచ్చు తగిలించింది మనవాళ్లు కాదు, పోజ్జో గారి లాటిన్.

భాష గురించి? భారతీయుల్లో చాలా భాషలు, యాసలు ఉన్నాయని ఒక్క ముక్క. దానికి ముందు ఇంకో ముక్క: వీళ్లు ఎడమ నుంచి కుడికీ కాదు, కుడి నుంచి ఎడమకీ కాదు, పై నుంచి కిందికి రాస్తారని. తాటాకుని నిలువుగా పట్టుకున్నవాణ్ణి చూశాడో, పోజ్జో తప్పుగా విన్నాడో, మరేదో దేశం సంగతి ఇక్కడ కలిసిపోయిందో. తెలుగు రాత ఏ వైపు నడుస్తుందో కూడా సరిగ్గా దిగని ఆ పుస్తకంలో, తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయన్న గమనిక కోసం వెతికాను. నాకు కనిపించలేదు. తెలుగు అన్న పేరే కనిపించలేదు.

ఇంకో చిక్కు ఉంది, ఇది నాకు మరీ నచ్చింది. మాటలన్నీ అచ్చుతో ముగిసే ఇటాలియన్ ఎవరిది? పుస్తకాలది, ఫ్లోరెన్సుది. వెనీసు వాళ్ల మాట వేరు. ఇటాలియన్‌లో రొట్టె ‘పానె’, వెనీసులో ‘పాన్’. ద్రాక్షసారా ‘వీనో’, వెనీసులో ‘వీన్’. కుక్క ‘కానె’, వెనీసులో ‘కాన్’. మన మాల్స్‌లో బోర్డు మీద కనిపించే బెనెటన్ ఆ వైపు ఇంటిపేరే, చివర చూడండి, హల్లు. ఇంకా ఉత్తరానికి మిలాన్ వెళితే పిల్లి ‘గాత్తో’ కాస్తా ‘గాత్’ అయి కూర్చుంటుంది. కింద నేపుల్స్‌లో చివరి అచ్చు ఉందో లేదో అన్నట్టు గొంతులోనే నలిగిపోతుంది. కాబట్టి వెనీసు వర్తకుడు హంపీ బజారులో నిలబడి ‘అరె, వీళ్లూ మాలాగే మాటకి అచ్చు తగిలిస్తున్నారే’ అని ఆశ్చర్యపోయే సీను బాగుంది గానీ, ఆ ‘మాలాగే’ దగ్గరే కథ తేలిపోతుంది.

మరి ఈ బిరుదు ఎక్కడిది? 19వ శతాబ్దపు ఇంగ్లిషు వాళ్ల రాతల్లో ఇది తిరుగుతూ ఉంటుంది. తెలుగు వ్యాకరణాలు రాసినవాళ్లు, గెజెటీర్లు రాసినవాళ్లు మన భాష తియ్యగా ఉంటుందని చెప్పాల్సి వచ్చినప్పుడు ఇటాలియన్‌ని తలుచుకునేవాళ్లు. అయితే ఒక్క మనకే కట్టబెట్టిన బిరుదు కాదది. విలియం మార్స్‌డెన్ 1783లో అచ్చువేసిన సుమత్రా చరిత్రలో సరిగ్గా ఇదే పేరు మలయ్ భాషకి ఉంది, కారణమూ ఇదే: అచ్చులు ఎక్కువ, మెత్తగా ఉంటుంది. కౌలాలంపూర్‌లో కూడా ఎక్కడో లిఫ్టు పక్కన ఈ స్లైడు ఉండొచ్చు.

ఆ రోజుల్లో ఇంగ్లండు పెద్దమనుషులకి ఇటలీ అంటే ఏమిటి? చదువు పూర్తయ్యాక చూసి రావాల్సిన శిథిలాలు, కొనుక్కొచ్చుకోవాల్సిన బొమ్మలు, రాత్రి పూట ఆపెరా. ఇటలీ అనే దేశమే అప్పటికి లేదు. ముక్కలు ముక్కలు, వాటిలో చాలా వాటి మీద పరాయి పెత్తనం. ఒక భాషని ‘ఇటాలియన్ లాంటిది’ అనడంలో ఇది పాడుకోవడానికి బాగుంటుంది అన్న మెచ్చుకోలు ఉంది. పరిపాలనకి, వాదనకి, సైన్సుకి ఎలా ఉంటుందో ఆ మెచ్చుకోలు చెప్పదు. (మనవాళ్లకీ ఆ మోజు తక్కువేం కాదులెండి. మొదటి సాలార్ జంగ్ 1876లో రోమ్ వెళ్లి, బెంజోని చెక్కిన ముసుగు రెబెక్కాని తెచ్చుకున్నాడు. ఇవాళ గచ్చిబౌలిలో ఫ్లాటు అమ్మేవాడు మొదట చెప్పేది ఇటాలియన్ మార్బుల్ గురించే.)

కానీ పాట దగ్గర ఆ పోలిక నిజంగానే నిలబడుతుందని ఒప్పుకోవాలి. అచ్చుల సంగతి పక్కనబెట్టి చరిత్ర చూడండి. మోట్సార్ట్ ఆస్ట్రియా వాడు. 1786లో ఫిగరో పెళ్లి, మరుసటేడు డాన్ జొవాన్నీ, రెండిటికీ సాహిత్యం ఇటాలియనే. వియన్నాలో కూర్చుని విన్నవాళ్ల ఇంటి భాష జర్మన్. అదే కాలంలో కావేరి ఒడ్డున తిరువయ్యారులో త్యాగరాజు తెలుగులో కీర్తనలు కట్టాడు. చుట్టూ ఉన్న ఊరి భాష తమిళం. అంతకు ముందే తంజావూరులో మరాఠా రాజు శాహజీ తెలుగులో యక్షగానాలు రాశాడు. సొంత గడ్డకి దూరంగా, వేరే భాషల వాళ్ల నోళ్లలో సంగీతపు భాషగా బతకడం అనే అదృష్టం ఈ రెండింటికీ పట్టింది. ఇప్పటికీ మద్రాసు డిసెంబరు కచేరీల్లో అర్థం తెలియకుండా తెలుగు పాడేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు. ‘తూర్పు ఇటాలియన్’ అన్న మాటకి నేనిచ్చే మొదటి మార్కు ఇదే. అయితే అర్థం అక్కర్లేకుండా మెచ్చుకోబడటం భాషకి ఎంత గౌరవమో, ఎంత అవమానమో నాకు తేలలేదు.

ఇక రాయదుర్గం.

నేను రోజూ దిగే మెట్రో స్టేషన్ ఇది. నాగోలు నుంచి వచ్చే బ్లూ లైనుకి చివరి స్టేషన్, 2019 నవంబరు 29న తెరిచారు. ఇంగ్లిషులో దాని పేరు రాయ్‌దుర్గ్. గకారంతో ఠక్కున ఆగిపోతుంది. రెవెన్యూ రికార్డుల్లో ఇది మూడు ఊళ్లు: రాయ్‌దుర్గ్ పన్‌మక్తా, రాయ్‌దుర్గ్ పైగా, రాయ్‌దుర్గ్ నౌ ఖల్సా. నిజాం కాలపు జాగీర్ల, సర్కారు భూముల లెక్కలు ఆ పేర్లలో ఇంకా ఉన్నాయి. ఆటో అతను రాయ్‌దుర్గ్ అనే అంటాడు. నేను రాయదుర్గం అంటాను. నా మాట చివర ఏముంది? సున్నా. ఒకసారి పలికి చూడండి, పెదాలు మూసుకుపోతాయి. అది అచ్చు కాదు, మకారం. పుస్తకం, అన్నం, వ్యాసం, సంతోషం, మన నిఘంటువులో సగం మాటలు ఇలా పెదాలు మూసుకునే ముగుస్తాయి. చిన్నయసూరి దారిలో రాసినవాళ్లయితే దుర్గము, పుస్తకము, అన్నము అని చివర ఉకారం పెట్టేవాళ్లు. అప్పుడు అజంత భాష అన్న మాటకి కొంత బలం ఉండేది, అదైనా పద్యం చివర ‘చేసెన్’, ‘వచ్చెన్’ అంటూ నకారాలు మోగనంతవరకే.

ఆ ఉకారాన్ని అచ్చు పుస్తకాల్లోంచి తీయించింది ఎవరు? జనం నోట్లో లేని దాన్ని కాగితం మీద ఎందుకు రాయాలని పోట్లాడింది ఎవరు? లిఫ్టు పక్కన స్లైడు మీద తలపాగాతో ఉన్న పెద్దాయనే. చివరి అచ్చు ఊడిపోయిన వాడుక మాటని పుస్తకంలోకి తెచ్చిన మనిషి బొమ్మ వేసి, దాని కిందే చివరి అచ్చుని పొగిడారు.

ఇంకోటి కూడా చెప్పాలి. నేను కొట్టేసిన ‘యాది’ చివర ఇకారం ఉంది. దాని బదులు నేను పెట్టిన ‘జ్ఞాపకం’ చివర సున్నా ఉంది. కాంటి పేరు మీద చలామణీ అయ్యే ఆ కొలబద్దతోనే కొలిస్తే, సిద్దిపేట వాడిదే ఇటాలియన్. నాది కాదు.

ఇక్కడే ఇటలీ నాకు అసలైన పోలికగా కనిపించింది. చెవికి తియ్యగా ఉందా లేదా అన్నది కాదు, ఎవరి మాట భాష, ఎవరి మాట యాస అన్న తగాదా. 1861లో ఇటలీ ఒక దేశమైనప్పుడు, ఇటాలియన్ మాట్లాడగలిగిన జనం నూటికి 2.5 మంది అని తుల్లియో దె మౌరో 1963లో లెక్కగట్టాడు. తర్వాత కాస్తెల్లాని అనే ఇంకో పండితుడు దాన్ని 10 దాకా పెంచాడు. ఏ లెక్క చూసినా నూటికి 90 మందికి జాతీయ భాష పరాయి భాషే. అలెస్సాంద్రో మంజోని మిలాన్ వాడు, ఇంట్లో మాట్లాడేది మిలాన్ మాట, ఫ్రెంచి. తన పెద్ద నవల నిశ్చితార్థమైన జంటని 1827లో వేసి, తృప్తిపడక, ఫ్లోరెన్సు వాళ్లు నిజంగా మాట్లాడే భాషలోకి మొత్తం తిరగరాసి 1840-42లో మళ్లీ వేశాడు. ఎమీలియా లూతి అనే ఫ్లోరెన్సు ఆవిడ దగ్గర మాట మాటా అడిగి తెలుసుకుని మరీ. తర్వాత 1868లో ప్రభుత్వం ఆయన్ని అడిగితే, దేశమంతటికీ ఫ్లోరెన్సు మాటే నేర్పండన్నాడు. అస్కోలి అనే భాషావేత్త 1873లో అడ్డం తిరిగాడు: ఒక ఊరి మాటని పట్టుకొచ్చి అందరి నెత్తినా రుద్దితే భాష పుట్టదు, చదువు పెరిగి నలుగురూ కలిసి పనిచేస్తే పుడుతుందని.

మంజోనిది చదువుతుంటే నాకు గిడుగు గుర్తొచ్చాడు, జీవద్భాష కోసం పడిన తపన వల్ల. అస్కోలిని చదువుతుంటే గిడుగు తర్వాత జరిగింది గుర్తొచ్చింది. గిడుగుది శ్రీకాకుళం వైపు. సవర భాషకి పని చేసినవాడు, అంచున ఉన్న మాటల విలువ తెలిసినవాడు. గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాసింది కూడా విజయనగరం నుంచే. కానీ వాళ్లు గెలిచాక ఆ గెలుపు ఎవరికి దక్కింది? కృష్ణా, గుంటూరు, గోదావరి వాళ్లకి. మా వాళ్లకి. పత్రికలు మావి, సినిమాలు మావి, 1956 తర్వాత పాఠ్యపుస్తకాలూ మావే. వ్యవహారం అంటే మా వ్యవహారం అయిపోయింది. గ్రాంథికం పెత్తనం పోయి, తెనాలి పెత్తనం వచ్చింది. దాన్ని పెత్తనం అని మేమెప్పుడూ అనుకోలేదు, ‘మంచి తెలుగు’ అనుకున్నాం. ఇదేం పెద్ద రహస్యం కాదు, తెలంగాణ రచయితలు ఎప్పట్నుంచో చెబుతున్నదే. నాకు మాత్రం నా ఎర్ర పెన్ను వాళ్ల అవ్వ మీద పడ్డాక గానీ తెలిసిరాలేదు.

సాహిత్యంలో దీనితో ఇటలీ వాళ్లు ఎలా తంటాలు పడ్డారో చూడటం మనకి పనికొస్తుంది. జొవాన్ని వెర్గా 1881లో సిసిలీ చేపల వాళ్ల మీద మలవోల్యా కుటుంబం కథ రాశాడు. మాటలు ఇటాలియన్‌వే, కానీ వాక్యం నడక, సామెత, ఊరి నోరు అంతా సిసిలీది. కథ చెబుతున్నది రచయిత కాదు, ఊరు అనిపిస్తుంది. 1948లో విస్కాంతి అదే నవలని భూమి కంపిస్తుంది అనే సినిమా తీసినప్పుడు ఆ మధ్యేమార్గం కూడా వదిలేశాడు. ఆచి త్రెజ్జా ఊరి చేపలవాళ్ల చేతే వాళ్ల మాట పలికించాడు. మిగతా ఇటలీకి అది అర్థం కాలేదు, పైన ఇటాలియన్ వ్యాఖ్యానం పెట్టాల్సి వచ్చింది. మన మా భూమి (1979) తెలంగాణ మాటని ఏ హాస్యగాడికీ రౌడీకీ అప్పగించకుండా కథానాయకుడి నోట్లో పెట్టినప్పుడు కలిగిన కుదుపు ఇలాంటిదే అయ్యుంటుంది. ఆ తర్వాత మళ్లీ ఎన్నేళ్లు పట్టింది! ఫిదా 2017లో, బలగం 2023లో వచ్చాయి. ఫిదా చూసి మా ఇంట్లో అందరూ ‘ఆ అమ్మాయి యాస ఎంత తియ్యగా ఉందో’ అన్నారు. తియ్యగా! మళ్లీ అదే మాట. ఇంగ్లిషు దొర మన గురించి అన్నదాన్ని మేం సిద్దిపేట వాళ్ల గురించి అంటున్నాం.

ఈ వెబ్ పత్రిక చదివేవాళ్లలో చాలామంది ఎలెనా ఫెర్రాంతె నేపుల్స్ నవలలు చదివే ఉంటారు, ఇంగ్లిషులో. అందులో ఒక పద్ధతి గమనించారా? పాత్రలు యాసలో తిట్టుకుంటాయి, యాసలో అరుచుకుంటాయి, కానీ ఆ యాస పేజీ మీద దాదాపు ఉండదు. ‘అని యాసలో అన్నాడు’ అని ఉంటుంది, అంతే. చదువుకుని పైకొచ్చిన ఎలెనా తన బాల్యాన్ని సంపాదించుకున్న భాషలో చెబుతోంది. యాస ఆవిడకి సిగ్గు, భయం, ఇల్లు కూడా. ఆ లేకపోవడమే నవల కథ. 2018లో సీరియల్ తీసినప్పుడు పిల్లలు నిజంగా నేపుల్స్ మాటే మాట్లాడితే, ఇటలీ టీవీలో దానికి ఇటాలియన్ సబ్‌టైటిల్స్ వేశారు.

తెలుగులో మనకి అలవాటైన పద్ధతి వేరు. సంభాషణ యాసలో, కథనం ‘మంచి తెలుగు’లో. నాకు ఇదే అన్నింటికన్నా అన్యాయమైన పద్ధతి అనిపిస్తుంది. పాత్రకి నోరు ఇస్తాం, ఆలోచన మాత్రం మన దగ్గరే ఉంచుకుంటాం. వర్షం గురించి చెప్పాల్సి వస్తే రచయితకి తెనాలి గుర్తొస్తుంది. దీన్ని తన్నేసినవాళ్లు లేకపోలేదు. నామిని పచ్చ నాకు సాక్షిగాలో చెట్టూ చేమా కూడా చిత్తూరు జిల్లా మాటలోనే కదులుతాయి. ఖదీర్ బాబు దర్గామిట్ట కతల్లో నెల్లూరు పిల్లవాడి కన్నూ నోరూ ఒకటే. సిద్దిపేట తమ్ముడు రాసిన రెండు పేజీలూ ఈ కోవలోవే. వాడు కథనం, సంభాషణ అని విడదీసుకోలేదు, వాడికి ఆ తేడా ఎవరూ నేర్పలేదు. నేను నేర్పబోయాను.

వాడి వైపు ఎక్కువ మొగ్గుతున్నానని నాకే అనుమానం. ఎందుకంటే వాడి మాట కూడా సిద్దిపేటది మాత్రమే కాదిప్పుడు. పొద్దున తొమ్మిదిన్నరకి మా స్టాండప్ మీటింగులో వాడూ నేనూ మాట్లాడేది ఒకటే భాష. ‘నిన్న మెర్జ్ చేశా, బిల్డ్ బ్రేక్ అయింది, టికెట్ నాకే అసైన్ అయింది, ఈవినింగ్ కల్లా డిప్లాయ్ చేసేస్తా.’ ఇందులో తెనాలి ఎంత, సిద్దిపేట ఎంత? మా నాన్న తరం ఇంగ్లిషు మాటకి కూడా ఉకారం తగిలించి లోపలికి రానిచ్చేది: బస్సు, కారు, రోడ్డు, ఫ్యాను. చివరి అచ్చు ఇంటి గడప లాంటిది, దాటి రావాలంటే చెప్పులు విప్పాలి. మేం ఆ మర్యాద మానేశాం. మెర్జ్, బిల్డ్, టికెట్, కాల్, చెప్పులతోనే లోపలికి వచ్చేస్తున్నాయి.

పసోలినీ 1964లో ఒక వ్యాసంలో, ఇటాలియన్ ఇన్నాళ్లకి నిజంగా జాతీయ భాషగా పుడుతోందని ప్రకటించాడు. ఫ్లోరెన్సులో కాదు, రోమ్‌లో కాదు, కవుల దగ్గర అసలే కాదు. మిలాన్, టురిన్ ఫ్యాక్టరీల్లో, కంపెనీ ఆఫీసుల్లో, సాంకేతిక పదాల మధ్య. సంతోషంగా చెప్పలేదు ఆ మాట. సొంత తల్లి వైపు ఫ్రియూలీ మాటలో 1942లో మొదటి కవితల పుస్తకం వేసుకున్న మనిషి, పోయేవి ఏమిటో తెలిసి చెప్పాడు. రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న ఈ నాలుగైదు కిలోమీటర్ల అద్దాల మేడల్లో అలాంటిదే జరుగుతోందని నా అనుమానం. శ్రీకాకుళం, కడప, ఆదిలాబాద్ వాళ్లు ఒకే క్యాంటీన్ బల్ల దగ్గర కూర్చుని, ఎవరి యాస వాళ్లు కాస్త సర్దుకుని, ఇంగ్లిషు క్రియకి ‘చెయ్యి’, ‘అవు’ తగిలించి మాట్లాడుకునే తెలుగు. దీన్ని ఏ అకాడమీ తీర్మానించలేదు. దీనిలో కవిత్వం ఇంకా రాలేదు గానీ ప్రేమలు, గొడవలు, రాజీనామాలు వచ్చేశాయి.

ఇక్కడ ఇటలీ వాళ్లతో తేడా ఒకటుంది. అక్కడి ప్రోగ్రామర్లు కమిట్‌ని ‘కొమ్మిత్తారె’ చేసుకున్నారు, డిప్లాయ్‌ని ‘దెప్లొయారె’ అంటారు. నవ్వొచ్చేలా ఉన్నా, పరాయి క్రియకి సొంత విభక్తులు తొడిగి, నేను నువ్వు వాడు అంటూ పూర్తిగా నడిపిస్తారు. చివర అచ్చు కూడా ఉంటుంది! నామవాచకాల దగ్గర మాత్రం వాళ్లూ చేతులెత్తేశారు: బార్, స్పోర్ట్, ఫిల్మ్, కంప్యూటర్. ఇంటి నుంచి పని చెయ్యడాన్ని ‘స్మార్ట్ వర్కింగ్’ అంటారు, అది ఇంగ్లిషు వాళ్లకే అర్థం కాని ఇంగ్లిషు. అసలైన పశ్చిమ ఇటాలియన్‌కే ఈ గతి పట్టాక, తూర్పు ఇటాలియన్ ఏ అచ్చుని చూసి మురవాలి?

తమ్ముడి పేజీల అసలు ప్రతి నా మెయిల్‌లో ఉంది. మొన్న మళ్లీ చదివాను. నేను కొట్టేసిన ఒక మాట దగ్గర ఆగాను. అవ్వ పొద్దున పనికి కూర్చునే ముందు పిల్లలకి చెప్పే ‘పైలం’. దాన్ని ‘జాగ్రత్త’ చేశానని చెప్పాను కదా. జాగ్రత్త అంటే మెలకువ, హెచ్చరిక. పైలంలో హెచ్చరికతో పాటు తలమీద చెయ్యి వేసినట్టు ఇంకేదో ఉంది. దానికి తెనాలిలో మాట లేదు. దాని చివర కూడా సున్నానే. ‘మంచిగ రాసినవ్, నేను పాడు చేసిన’ అని వాడికి వాళ్ల యాసలో మెసేజ్ పెడదామనుకుని, అది వెటకారంలా ఉంటుందేమోనని మానేసి, నా తెలుగులోనే సారీ చెప్పాను. ‘గంతేంలే అన్నా’ అని పెట్టాడు, ఒక నవ్వు బొమ్మతో.

సెప్టెంబరు 9న, కాళోజీ పుట్టినరోజున, తెలంగాణ భాషా దినోత్సవం. లిఫ్టు దగ్గర స్లైడు మార్చారు. గిడుగు స్థానంలో కాళోజీ వచ్చాడు, శుభాకాంక్షల ముందు ‘తెలంగాణ’ చేరింది. పాత ఫైలులోనే దిద్దినట్టున్నారు, కింద కాంటి వాక్యం మాత్రం అలాగే ఉండిపోయింది, 16వ శతాబ్దంతో సహా.

తమ్ముడు దాన్ని చూసి, నన్ను చూసి అన్నాడు: “సూషినవా అన్నా, తేలిపోయింది. మా దిక్కుదేనంట.”